బొమ్మ వచ్చిందా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం. సావనీరు కోసం కొద్దిగా సరిచేసి ఇచ్చాను. చివర ఉన్న నాలుగు ముక్కలు సభ తర్వాత చేర్చినవి.)



సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఉపగ్రహాల గురించి ఓ అరగంట మాట్లాడు. పిల్లలకు కూడా అర్థం కావాలి. ప్రొజెక్టరు మాత్రం ఉండదు" అన్నారు. ప్రొజెక్టరు లేకపోవడం మంచిదే అయింది. ఉంటే నేను నలభై స్లైడ్లు చూపించి, ఈ సభలో చెప్పాలనుకుని వచ్చిన అసలు సంగతి చెప్పకుండానే దిగిపోయేవాణ్ని.

నా ఉద్యోగం గురించి క్లుప్తంగా చెబుతాను. ఆకాశంలో చాలా ఎత్తున అద్దాల్లాంటివి ఉంటాయి. మనం ముఖం చూసుకునే అద్దాలు కావు, రేడియో తరంగాలకు అద్దాలు. ఒక చోట నుంచి పైకి వేసిన సంకేతం అక్కడ తగిలి మరో చోట పడుతుంది. ఆ అద్దం ఎటు చూడాలో, ఎక్కడ నిలబడాలో కింద నుంచి చూసుకోవడం నా పని. ఇరవై ఏడేళ్లుగా వేరే దేశంలో ఒక ఉపగ్రహ సంస్థ భూకేంద్రంలో ఈ పనే చేస్తున్నాను. మా అమ్మ మాత్రం ఊళ్లో అడిగినవాళ్లకు "మావాడు అక్కడ యాంటెన్నాలు తిప్పుతాడు" అని చెబుతుంది. అందులో తప్పేమీ లేదు. పైగా ఆ పని నేను మొదట చేసింది ఈ బడి డాబా మీదే.

1984లో జిల్లా కేంద్రంలో టీవీ రిలే కేంద్రం పెట్టారు. మన ఊళ్లో అప్పటికి మూడే టీవీలు. రైసుమిల్లు వాళ్లదొకటి, డాక్టరుగారిదొకటి, పంచాయతీ మన బడికి కొనిచ్చిన బ్లాక్ అండ్ వైట్ టీవీ ఒకటి. చెక్కపెట్టె, దానికి జరిపే తలుపులు, తాళం. తాళంచెవి హెడ్మాస్టరుగారి దగ్గర ఉండేది. డాబా మీద ఇరవై అడుగుల నీళ్ల పైపు, దాని చివర అల్యూమినియం యాంటెన్నా. రిలే కేంద్రం చిన్నది, మనం దూరం. అందుకని యాంటెన్నా ముఖం కాస్త పక్కకు పోతే చాలు, తెరంతా చుక్కలే.

ఆ రోజుల్లో ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది, దాన్ని సరిచేయడానికి ముగ్గురు కావాలి. ఒకడు టీవీ ముందు, ఒకడు మెట్ల మలుపులో, ఒకడు పైపు దగ్గర. పైపు దగ్గరవాడికి టీవీ కనపడదు. టీవీ ముందువాడికి పైపు కనపడదు. మలుపులో ఉన్నవాడికి రెండూ కనపడవు, రెండు వైపులా అరవడమే వాడి పని.

"బొమ్మ వచ్చిందా?"

"వచ్చిందా?"

"రాలేదు!"

"రాలేదంట!"

ఈ మాట పైకి వచ్చేలోపు పైపు దగ్గరవాడు ఊరుకోడు, ఇంకాస్త తిప్పుతాడు. "వచ్చింది, ఆపు!" అన్న కేక వాడికి చేరేసరికి యాంటెన్నా బొమ్మను దాటి వెళ్లిపోయి ఉంటుంది. మళ్లీ వెనక్కి. మళ్లీ దాటిపోతుంది. చిత్రలహరి సగం ఇలాగే అయిపోయేది. పైపు దగ్గరవాణ్ని నేను. ఎత్తంటే భయం లేదని నన్ను ఎక్కించేవారు.

ఆ డాబాను కాసేపు అక్కడే ఉంచి, ఆకాశంలో అద్దాల కథకు వస్తాను.

మొట్టమొదట పంపింది నిజంగా అద్దమే. 1960 ఆగస్టు 12న అమెరికాలో నాసా వాళ్లు ఎకో-1 అనే బెలూన్‌ను కక్ష్యలోకి పంపారు. వంద అడుగుల అడ్డుకొలత. పలచని ప్లాస్టిక్ పొర, దాని మీద అల్యూమినియం పూత. ఆ పొర మందం మిల్లీమీటరులో ఎనభయ్యో వంతు. మడతపెట్టి చిన్న డబ్బాలో కూరి పంపితే, దాదాపు 1,600 కిలోమీటర్ల ఎత్తున బయటపడి ఉబ్బింది. మనం చెప్పింది వినడానికి అందులో రిసీవరు లేదు, తిరగడానికి మోటారు లేదు. 'నేనిక్కడున్నాను' అని చెప్పే రెండు చిన్న బీకన్ రేడియోలు ఒంటికి అంటించి ఉన్నాయి, అంతే. కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ నుంచి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ రికార్డు చేసిన మాటలను దాని మీదికి వేస్తే, అవి తగిలి తూర్పు తీరంలో న్యూజెర్సీలోని హోల్మ్‌డెల్ దగ్గర వినపడ్డాయి. రాత్రిపూట మామూలు కంటికి నక్షత్రంలా కనిపిస్తూ ఆకాశం దాటి పోయేది. దాని దారి మన దేశం మీదుగా కూడా ఉండేది.

ఈ అద్దాన్ని నడపడం ఎలా అంటే, నడపలేం. అదెటు పోతే అటు కింద యాంటెన్నా తల తిప్పాలి. రెండు గంటలకోసారి భూమిని చుట్టేది, ఒక చోట నుంచి కనిపించేది కొన్ని నిమిషాలే. పైగా అంత పెద్ద ఒళ్లు, అంత తక్కువ బరువు కావడంతో ఎండ కూడా దాన్ని నెట్టేది. వెలుతురుకు తోసే బలం ఉంటుందని మన సైన్సు మాస్టారు చెబితే మేం నవ్వాం. ఎకో విషయంలో ఆ తోపుకే కక్ష్య ఆకారం మారిపోయింది. 1968లో వాతావరణంలోకి జారి కాలిపోయింది. హోల్మ్‌డెల్‌లో దాని మాట వినడానికి కట్టిన పెద్ద కొమ్ములాంటి యాంటెన్నాలోనే తర్వాత పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరికి ఎటు తిప్పినా పోని ఒక సన్నని రొద వినిపించింది. యాంటెన్నాలో గూడు పెట్టిన పావురాల రెట్టలు కడిగారు, అయినా పోలేదు. అది విశ్వం పుట్టుక నాటి వేడి మిగిల్చిన జాడ అని తేలింది, 1978లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఇది మన కథ కాదు గానీ, చెప్పకుండా ఉండలేకపోయాను.

బెలూన్ ఆలోచన అక్కడితో చావలేదు. గూగుల్ వాళ్లు 2013లో న్యూజిలాండ్‌లో లూన్ అనే ప్రయత్నం మొదలుపెట్టారు. ఇది కక్ష్యలో తిరిగేది కాదు, దాదాపు 20 కిలోమీటర్ల ఎత్తున, విమానాలు తిరిగే ఎత్తుకు రెట్టింపులో తేలే బెలూన్. కింద ఫోన్లకు ఇంటర్నెట్ ఇవ్వాలి. దీనికి ముందుకు తోసే ఇంజను లేదు. దానికి తెలిసిన విద్యలు ఎక్కడం, దిగడం, రెండే. లోపల ఒక సంచిలోకి గాలి పంపు చేస్తే బరువెక్కి దిగుతుంది, వదిలితే ఎక్కుతుంది. పై పొరలో గాలి తూర్పుకు వీస్తుంటే దాని కింది పొరలో ఇంకో దిక్కుకు వీస్తూ ఉంటుంది. ఏ పొరలోకి పంపాలన్నది కింద కంప్యూటర్లు తేలుస్తాయి. మనం ఒక మనిషిని తిట్టడానికి 'గాలివాటంగా పోతాడు' అంటాం. ఇక్కడ గాలివాటంగా పోవడమే విద్య. ఒక బెలూన్ 312 రోజులు పైనే ఉంది. ఈ పనిని తనంతట తాను సాధన చేసి నేర్చుకున్న ప్రోగ్రాముకు అప్పగించి పసిఫిక్ మహాసముద్రం మీద 39 రోజులు నడిపి చూశారు, మనుషులు రాసిన పద్ధతి కన్నా అదే బాగా నిలబెట్టింది. ఆ ఫలితాలు 2020 చివర్లో నేచర్ పత్రికలో వచ్చాయి. నెల తిరిగేసరికి, ఖర్చు కిట్టుబాటు కావడం లేదని మొత్తం మూసేస్తున్నట్టు ప్రకటించారు. పని బాగా వచ్చినంత మాత్రాన ఉద్యోగం నిలవదని మా ఆఫీసులో ఆ రోజు అందరం చెప్పుకున్నాం.

బెలూన్లను కింద నుంచి నడిపే విద్య మనకు కొత్తదేమీ కాదు. హైదరాబాదులో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ల బెలూన్ కేంద్రం దశాబ్దాలుగా ఉంది. పరిశోధన పరికరాలను బెలూన్‌కు వేలాడదీసి పైకి పంపుతారు, పని అయ్యాక కింద నుంచి ఆదేశమిచ్చి తాడు తెంపుతారు, పెట్టె పారాచూట్‌తో దిగుతుంది. ఎక్కడ దిగాలన్నది గాలిని బట్టి ముందే లెక్కవేసుకోవాలి. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా పొలాల్లో ఇలాగే ఒక పెద్ద గుండ్రని పెట్టె దిగితే జనం గుమిగూడి వింతగా చూశారు. పత్రికల్లో చదివే ఉంటారు.

ఇక నా పని జరిగే ఎత్తుకు వస్తాను. భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్లు. ఆ ఎత్తున ఉన్న వస్తువు భూమిని ఒక చుట్టు చుట్టడానికి పట్టే కాలం, భూమి తన చుట్టూ తాను తిరిగే కాలం ఒకటే. కాబట్టి కింద నుంచి చూస్తే కదలకుండా నిలబడినట్టు ఉంటుంది. ఇప్పటివి ఉత్త అద్దాలు కావు. వచ్చిన సంకేతాన్ని అందుకుని, బలం పెంచి, వేరే పౌనఃపున్యంలో కిందికి పంపుతాయి. మీ ఇంటి డాబా మీద డిష్ ఒకసారి బిగిస్తే ఏళ్ల తరబడి కదల్చనక్కర్లేకపోవడానికి కారణం ఇదే. మీరు కదల్చడం లేదంటే, మీ బదులు ఇంకెవరో పైన ఉన్నదాన్ని కదలకుండా చూస్తున్నారన్నమాట.

ఎందుకంటే వదిలేస్తే అది నిలబడదు. చంద్రుడు, సూర్యుడు లాగి దాని కక్ష్యను ఏడాదికి ముప్పాతిక డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా వంచుతారు. అప్పుడది రోజూ ఉత్తరానికీ దక్షిణానికీ ఊగడం మొదలుపెడుతుంది. భూమి నడుం కూడా కచ్చితమైన వలయం కాదు, కాస్త అటూ ఇటూ ఉబ్బి ఉంటుంది. దానివల్ల తూర్పు పడమరలుగా జారుతుంది. ఇందులో ఒక విశేషం ఉంది. ఆ ఎత్తున జారిన వస్తువులు వచ్చి చేరే పల్లం చోట్లు రెండే. వాటిలో ఒకటి 75 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, అంటే దాదాపు మన హుబ్లీ మీదుగా పోయే గీత. గిన్నెలో గోళీ వేస్తే అడుగుకు చేరినట్టు, పని అయిపోయి దిక్కులేకుండా వదిలేసిన ఉపగ్రహాలు కొన్ని ఈ పల్లానికి అటూ ఇటూ ఊగుతూనే ఉంటాయి. అలా పెరగకూడదనే ఇప్పుడు చివర మిగిలిన ఇంధనంతో సుమారు 300 కిలోమీటర్లు పైకి ఎక్కించి, ఆ తర్వాతే నోరు మూయిస్తాం.

మాకు ఇచ్చే చోటు పదో వంతు డిగ్రీ అటు, పదో వంతు డిగ్రీ ఇటు. అంటే మధ్య నుంచి 73 కిలోమీటర్లు. విశాలంగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ చూపు విషయంలో ఆ వెసులుబాటు లేదు. అంత ఎత్తు నుంచి ఉపగ్రహం ముఖం ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే, హైదరాబాదు మీద పడాల్సిన చూపు ముంబయి మీద పడుతుంది. దాన్ని సరిచేయడానికి లోపల గిరగిర తిరిగే చక్రాలుంటాయి, బయట చిన్న చిన్న థ్రస్టర్లు ఉంటాయి. నేను చూసుకునేవాటిలో ఒక్కో థ్రస్టరు బలం కిలో పంచదార పొట్లాన్ని చేత్తో పట్టుకుని నిలబడేంత. దాన్ని సెకనులో కొంత భాగం సేపు వదులుతాం. ఇంధనం మళ్లీ పోయడానికి లేదు. అది అయిపోయిన రోజు మిగతా యంత్రాలన్నీ బాగున్నా ఉపగ్రహం చచ్చినట్టే.

కింద నుంచి ఆదేశం పంపే పద్ధతి ఇలా ఉంటుంది. ముందు ఆదేశం పంపుతాం. ఉపగ్రహం దాన్ని వెంటనే చేయదు. తాను విన్నది ఏమిటో తిరిగి మాకు వినిపిస్తుంది. మేం పంపిందీ అది వినిపించిందీ ఒకటేనా అని చూసుకుని, అప్పుడు 'కానివ్వు' అంటాం. అది చేసి, చేశానని చెబుతుంది. మన పెళ్లిళ్లలో పురోహితుడు మంత్రం చెప్పి, పెళ్లికొడుకు దాన్ని పలికేదాకా ఆగుతాడే, అలాగ. మాట పైకి పోయి రావడానికి పావు సెకను పడుతుంది. మన మెట్ల మలుపు మీదుగా మాట రావడానికి అయిదారు సెకన్లు పట్టేది. మాట చేరే లెక్కన మన డాబా కన్నా ఉపగ్రహమే దగ్గర.

మన దేశంలో ఈ పని కర్ణాటకలోని హాసన్‌లో ఉన్న ప్రధాన నియంత్రణ కేంద్రం నుంచి మొదలైంది. మొదటి ఇన్‌శాట్, 1ఎ, 1982 ఏప్రిల్ 10న వెళ్లింది. దాని వాతావరణ కెమెరాకు ఒక పక్క చల్లగా ఉండాలి, అందుకని సౌరఫలకాలన్నీ రెండో పక్కే పెట్టారు. అలా ఒకే పక్క రెక్క ఉంటే ఎండ తోపుకు పక్కకు తిరిగిపోతుంది. తూకం కోసం ఖాళీ వైపు ఒక పొడవాటి కడ్డీ చివర తెరచాప పెట్టారు. ఆ తెరచాప విచ్చుకోలేదు. ఎకోను నెట్టిన ఎండే దీన్నీ ఇబ్బంది పెట్టింది. ఇతర చిక్కులు కూడా వచ్చి, ఆ సెప్టెంబరులోనే ఇంధనం అయిపోయి అది చేజారింది. అయిదు నెలలు. ఆ గదిలో కూర్చున్నవాళ్ల పరిస్థితి ఇప్పుడు నాకు తెలుసు. నిప్పు ఎక్కడుందో తెలుసు, నీళ్లు లేవు.

ఇన్‌శాట్-1బి 1983 ఆగస్టు 30న చాలెంజర్ షటిల్‌లో వెళ్లింది. షటిల్ రాత్రిపూట బయల్దేరడం అదే మొదటిసారి. దీని సౌరఫలకాలు కూడా మొరాయించాయి. విచ్చుకోమంటే విచ్చుకోలేదు. కింద నుంచి ఆదేశాలిస్తూ, ఆగుతూ, మళ్లీ ఇస్తూ సెప్టెంబరు మధ్యకు గానీ వాటిని తెరవలేకపోయారు. ఆ తర్వాత అది ఏడేళ్లకు మించి పనిచేసింది. మన జిల్లా కేంద్రంలో రిలే పెట్టగలిగింది, ఊరూరికీ ఢిల్లీ బొమ్మ వచ్చింది దానివల్లే.

ఇప్పుడు డాబా మీదికి మళ్లీ వస్తాను.

1984 నవంబరు 3, శనివారం. ఇందిరాగాంధీ అంత్యక్రియలు. పొద్దుటి నుంచీ ఊరి జనం, చుట్టుపక్కల పల్లెల జనం బడికి వచ్చేశారు. హెడ్మాస్టరుగారు టీవీని వరండాలోకి తెచ్చి, రెండు బెంచీలు ఒకదానిమీద ఒకటి వేసి దాని మీద పెట్టించారు. ఆవరణ నిండిపోయింది. ఆడవాళ్లు ముందు కూర్చున్నారు. కాలవ అవతల పల్లె నుంచి ఒక ముసలమ్మ మనవరాలిని చంకనెత్తుకుని వచ్చింది. కొంగులో బంతిపూలు, కర్పూరం ముడి వేసుకుని తెచ్చింది. చితి వెలిగించేటప్పుడు ఇక్కడ హారతి ఇస్తానని అందరికీ చెబుతోంది.

మధ్యాహ్నం గాలి లేచింది. పైపు తిరిగింది, తెర మీద చుక్కలు. నన్ను పైకి పంపారు. మెట్ల మలుపులో నా బెంచీ మిత్రుడు. వాడిప్పుడు ఈ సభలో మూడో వరసలో కూర్చున్నాడు. మన బస్టాండు పక్కన ఎరువుల దుకాణం వాడిదే.

మామూలుగా తిప్పి, "వచ్చిందా?" అని అరిచాను. జవాబు లేదు. ఇంకొంచెం తిప్పాను. "వచ్చిందా?" జవాబు లేదు. కింద అంత జనం, ఎదురు చూస్తున్నారు, నా చేతిలోనే ఉంది అంతా అన్న కంగారు. ఆగాల్సింది. ఆగలేదు. రెండు చేతులా పట్టుకుని పైపును అటు నుంచి ఇటు ఒక్క ఊపున తిప్పేశాను. పైపు చుట్టూ చుట్టుకున్న ఫీడర్ వైరు యాంటెన్నా దగ్గర పుటుక్కున తెగింది. ఇరవై అడుగుల ఎత్తున. పైపు దించి, వైరు గీకి, ముడేసి, మళ్లీ నిలబెట్టేసరికి అరగంట పైనే పట్టింది. బొమ్మ వచ్చేసరికి ఢిల్లీలో చితి మండుతోంది, సగం జనం లేచి వెళ్లిపోయారు. ముసలమ్మ ఆ పూలు చీకటి తెర ముందు బెంచీ మీద పెట్టి, కర్పూరం వెలిగించకుండానే వెళ్లిపోయిందట. నేను కిందికి దిగేసరికి పూలు మాత్రం ఉన్నాయి.

హెడ్మాస్టరుగారు ఏం జరిగిందని గద్దించి అడిగారు. నేను ఒక మాట అన్నాను. "వీడు పైకి సరిగ్గా చెప్పలేదు సార్" అన్నాను.

వాడేమీ అనలేదు. నాలుగు బెత్తం దెబ్బలు తిన్నాడు. అందరిముందూ. నేను పక్కనే నిలబడి చూశాను. సైన్సు మాస్టారు మాత్రం తర్వాత నన్ను ప్రయోగశాలలోకి పిలిచి, "ఏరా, జవాబు రాకపోతే చెయ్యి తియ్యాలా, ఇంకా తిప్పాలా?" అని అడిగారు. తియ్యాలి సార్ అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. తెలిసిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన ఇప్పుడు లేరు.

2001 మార్చిలో మా భూకేంద్రంలో రాత్రి షిఫ్టు. మార్చిలోనూ సెప్టెంబరులోనూ రోజూ అర్ధరాత్రి వేళ ఉపగ్రహం భూమి నీడలోకి పోతుంది, గంటా పది నిమిషాల దాకా చీకట్లో ఉంటుంది. అది బయటికి వచ్చాక చూపులో చిన్న తేడా కనిపించింది. థ్రస్టరును ఒక్క తడవ వదిలితే సరిపోతుంది. ఆదేశం పంపాను. విన్నట్టు వచ్చింది. కానివ్వు అన్నాను. చేసినట్టు రాలేదు. తెర మీద అంకెలు కదలడం లేదు. కొన్ని సెకన్లు చూశాను. చేరలేదేమో అనుకుని మళ్లీ పంపాను. తెర మూలన గడియారం ఉంటుంది, అందులో సెకన్లు ఆగిపోయి ఉన్నాయి. అంటే ఆగింది ఉపగ్రహం కాదు, మా గదికి సమాచారం తెచ్చే కింది లైను. నేను ఆ మూలకు చూడలేదు. లైను తిరిగి వచ్చేసరికి రెండు తడవల తోపూ తగిలి, ఉపగ్రహం భూమి మీది చూపు కోల్పోయి, తనను తాను కాపాడుకోవడానికి సూర్యుడి వైపు తిరిగి కూర్చుంది. టీవీ చానళ్లు, బ్యాంకుల లైన్లు, ఓడల ఫోన్లు అన్నీ పోయాయి. తిరిగి భూమి వైపు తిప్పేసరికి తెల్లారింది. కొంత ఇంధనం ఖర్చయింది, అంటే దాని ఆయుష్షు కొంత నేను ఖర్చు పెట్టాను.

లాగు పుస్తకంలో నేను ముందు రాసిన వాక్యం ఏమిటో చెబుతాను. 'సమాచార లైను లోపం వల్ల.' అబద్ధం కాదది. లైను నిజంగానే ఆగింది. ఆ షిఫ్టులో లైను చూసుకునే కుర్రాడు ఉద్యోగంలో చేరి ఆరు నెలలు. వాడు నా ముందు నిలబడి ఆ వాక్యం చదివాడు. ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం నేను అంతకు ముందొకసారి చూశాను.

వాక్యం కొట్టేసి, 'జవాబు రాకముందే ఆదేశం రెండోసారి పంపాను, తెర మీద కాలం చూడలేదు' అని రాసి సంతకం చేశాను. విచారణ జరిగింది. ఏడాది పాటు నన్ను కంట్రోలు బల్ల దగ్గరికి రానివ్వలేదు. ఆ తర్వాత మా కేంద్రంలో ఒక నియమం పెట్టారు. రెండో మనిషి తెర మీది కాలాన్ని బిగ్గరగా చదవాలి, అది విన్నాకే మొదటి మనిషి ఆదేశం పంపాలి. ఇప్పటికీ అలాగే చేస్తాం. కొత్తగా చేరినవాళ్లకు నేర్పేటప్పుడు నేను ఈ డాబా కథే చెబుతాను. వాళ్లలో ఎవరికీ తెలుగు రాదు, అయినా ఇద్దరు ముగ్గురు కంట్రోలు గదిలో "బొమ్మ వచ్చిందా?" అని అడుగుతుంటారు.

కానీ ఆ కథ వాళ్లకు చెప్పినప్పుడల్లా వైరు తెగేదాకే చెప్పాను. తర్వాతి ముక్క ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ చెప్పాలనే వచ్చాను. గురువుల ముందు, నా బ్యాచ్ ముందు చెబుతున్నాను. ఆ రోజు వైరు తెంపింది నేను. మలుపులో ఉన్నవాడి తప్పేమీ లేదు. ఆ నాలుగు దెబ్బలు నావి. ఒరేయ్, మూడో వరస, నలభై ఏళ్లు పట్టింది రా ఈ మాట అనడానికి. నన్ను క్షమించు.

నాకిచ్చిన అరగంట దాటిపోయింది. నమస్కారం.

(తర్వాత చేర్చినది: భోజనాల దగ్గర వాడు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. వంకాయ కూర వేయించుకుంటూ, "నువ్వు పైన్నుంచి అరిచిందేదీ నాకు వినపడలేదురా" అన్నాడు. ఎందుకని అడిగాను. "నేనక్కడ లేను. శవయాత్ర వస్తోందని ఎవరో అంటే, ఒక్క నిమిషం చూసొద్దామని వరండాలోకి పోయాను. అందుకే హెడ్మాస్టరుగారు కొడుతుంటే నోరు మూసుకున్నా." కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. చివరికి అడిగాను, మరి చూశావా అని. "ఎక్కడ చూశాను," అన్నాడు, "నేను పోయేసరికి నువ్వు వైరు తెంపేశావుగా.")